పిలవకముందే వచ్చే ఆయా

గంజి వారుస్తుంటే గిన్నె జారి హిమజ చెయ్యి కాలింది. ఆమె అరవలేదు. కాలిన చెయ్యి చాపుకుని, ఎవరో వస్తారన్నట్టు నిలబడిపోయింది.

ఆ తరం వాళ్ళందర్నీ యంత్రపు ఆయాలే పెంచాయి. ఏడుపు గొంతు దాటకముందే పసిగట్టి, వచ్చి ఎత్తుకునేవి. పద్దెనిమిదేళ్ళు నిండగానే వాటిని తీసుకుపోయారు.

గిన్నె చప్పుడుకి పక్క ఫ్లాటు కనకరత్నమ్మ తలుపు తోసుకుని వచ్చి, ఆ చేతిని కుళాయి కింద పెట్టింది.

"హాల్లో మొగుణ్ణి పెట్టుకుని ఒక్క కేకెయ్యలేవుటమ్మా?"

"ఎలా వెయ్యాలి మామ్మగారూ?"

హిమజ నిజంగానే అడుగుతోంది.

ముసలామె విసురుగా హాల్లోకి వెళ్ళింది. ప్రద్యుమ్న సోఫాలో ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏం నాయనా, చప్పుడు వినపడలేదూ?"

"వినపడిందండీ. గుండె దడదడలాడింది," అన్నాడతను. "నా దగ్గరికి ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాను."