ఇంజిన్‌కు కట్టిన నల్లదారం

ఆయుధపూజ నుంచి నేను డ్రైవరుగా నడిపే మా యజమాని జయచంద్ర పాత కారు, నిలబెట్టినా హోరుమంటోంది.

"నువ్వు యాక్సిలరేటర్ తొక్కి తొక్కి చెడగొట్టినావు. ఈ పొద్దు బాగుకాకుంటే పన్లోకి రావద్దప్పా" అని వెనక సీట్లో కూర్చున్నాడు.

మదనపల్లెలో కంప్యూటర్ పెట్టి సెన్సర్ మార్చారు. పుంగనూరులో ఇంజిన్‌కు గాలి వదిలే థ్రాటిల్ కడిగారు. హోరు తగ్గలేదు.

కుప్పం మెకానిక్ బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ కేబుల్‌ను లాగిపట్టిన నల్లదారానికి దండం పెట్టాడు.

"మదనపల్లోళ్లూ, పుంగనూరోళ్లూ దీన్ని సూసే ఉంటారు. దేవుడి దారం, ఎవురు ముట్టేదప్పా?"

పూజలో దాన్ని కట్టింది జయచంద్రే. నేను కత్తిరించాను. ఇంజిన్ సద్దుమణిగింది.

జయచంద్ర మురిసిపోయాడు. ఆపైన నా చేతిలో దారం చూశాడు.

"దేవుడి దారం తెంపుతావా? రేపట్నుంచి రావద్దు."

తాళాలూ, దారమూ ఇచ్చి బస్టాండు వైపు నడిచాను. కాసేపటికి వెనక కారు మళ్లీ హోరుమంది. ఈసారి ముడి ఇంకా గట్టిగా వేసినట్టున్నాడు.