కరపత్రంలో పేరు

నాట్యం, సంగీతం, బొమ్మలాట, నాలుగు దేశాల కళలు ఒకే వేదిక మీద అని ఊదరగొట్టారు. ధర్మవరంలో పంచిన కరపత్రంలో జపాన్ డోలు వాయించేవాడి పేరుంది, కేరళ నర్తకి పేరుంది. దర్శకుడు జయచంద్ర పేరు మూడు చోట్ల ఉంది. తోలుబొమ్మలాడించే పుట్టమ్మ పేరుండాల్సిన చోట మాత్రం 'స్థానిక జానపదం' అని ఉంది.

"నా పేరు యాడప్పా?" అని అడిగింది పుట్టమ్మ.

"ఇది సమష్టి కళమ్మా. పేర్ల మీద మోజు వదులుకోవాలి," అన్నాడు జయచంద్ర.

ఇలాంటి సమష్టిలో వదులుకోవాల్సింది ఎప్పుడూ ఒక్కరే!

బొమ్మలాటలో హాస్యగాడు కేతిగాడు. వాడు ఎవరిని తిట్టినా తప్పు పట్టకూడదన్నది ఆట కట్టుబాటు. ఆ సాయంత్రం తెర మీదికి హనుమంతుడు రావాల్సిన చోట కేతిగాడు దూకాడు.

"ఏమబ్బా జయచంద్రా! లోకంలోని కళలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెడితివే, మా పుట్టమ్మకు ఆకు వేసేది మర్సిపోతివా? నీ పేరు మూడు తూర్లు రాసుకుంటివే, సిగ్గుండాదా నీకు?"

జనం ఈలలు వేశారు. డోలు ఆగిపోయింది. జయచంద్ర ముఖం మాడిపోయింది.

ఆట ముగియగానే అతను తెర వెనక్కి వచ్చాడు. గొడవకు సిద్ధంగానే నిలబడింది పుట్టమ్మ. అతను ఆమె చేతులు పట్టుకున్నాడు.

"అద్భుతం! రేపు హిందూపురంలోనూ ఇలాగే తిట్టాలి. ఒక్క మాట తగ్గకూడదు."

"తిడతాలేప్పా. మరి పేరు?"

"తప్పకుండా వేయిస్తానమ్మా."

హిందూపురం కరపత్రంలో నిజంగానే ఒక కొత్త పంక్తి పడింది.

'కేతిగాడి తిట్లు. రచన: జయచంద్ర.'