తడిసినా చెదరని లేబుల్

...అసలు కొవ్వొత్తి అంటేనే వెలిగించి కరగబెట్టుకునే వస్తువు కదా, దాని మీది కాగితం ముక్క మాత్రం కలకాలం నిలవాలని ఈ పంతమేమిటి అనుకుంటూ ఆమె వంటింటి సింకు ముందు నిలబడింది. పొద్దుట్నుంచీ ఆ సింకు ఆమెది కాదు. కొవ్వొత్తి పోసిన గాజుగ్లాసులు మెడలోతు నీళ్ళలో బారులు తీరి ఉన్నాయి. చెయ్యి చాచిందో లేదో వెనకనుంచి భర్త అరిచాడు.

"ముట్టుకోకు! పరీక్షలో ఉన్నాయవి."

"గిన్నెలు తోముకోవాలండీ."

"గిన్నెలెక్కడికీ పారిపోవు."

కొవ్వొత్తులు పోసేది ఆమె, లేబుల్ వేసేది ఆయన. కొన్నవాళ్ళు స్నానాలగదిలో పెట్టుకుంటే అక్షరాలు నీలంగా కారిపోయాయని, వాటిని అమ్మే షాపమ్మాయి మొదటి విడతలో మిగిలిన సరుకంతా వెనక్కి పంపింది. ఈసారీ అలాగే అయితే ఇక తీసుకోనంది. మాట పడింది మాత్రం ఆమె.

అప్పట్నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టేపు వేశాడు. కింద గాలి చేరి బొబ్బలెక్కింది. ఆమె గోళ్ళరంగు సీసా, ఉన్న ఒక్క రంగులేనిదీ, లేబుళ్ళకి పూసేశాడు. కాగితం నూనె పడ్డ పొట్లంలా తయారైంది. మైనం రుద్దుతానని గరిటె పట్టుకుపోయాడు. అది మళ్ళీ కనబడలేదు. ఇప్పుడు వార్నిష్ స్ప్రే. కిటికీలన్నీ తెరిచినా ఆ వాసన నెత్తికెక్కి కూర్చుంది.

"సెంటర్లో వేరే మిషను మీద ప్రింటు తీయిస్తే పోయేదిగా? ఆ సిరా తడిసినా కారదట."

"సిరా సంగతి నాకు చెప్పకు. ఇన్నేళ్ళూ ప్రెస్సులో సిరాతో కాపురం చేశాను."

"మరి నేనెవర్ని?"

"దాని సవతివి," అన్నాడు నవ్వకుండా.

ఇంకోరోజైతే ఆమె ఏ చెంచానో విసిరేది. ఇవాళ ఓపిక లేదు. నిజానికి కోపం దేని మీదో తనకే సరిగా అంతుపట్టలేదు. ప్రెస్సు మూతపడ్డాక కొన్ని నెలలు ఆయన ఇంట్లో చుట్టంలా మసిలాడు. మంచినీళ్ళు కావాలన్నా మొహమాటపడేవాడు. కూర బాగుందనేవాడు, బాగాలేని రోజు కూడా. ఆ మర్యాద చూస్తే ఆమెకి భయమేసేది. ఇప్పుడు లేబుళ్ళ పుణ్యమా అని మళ్ళీ అరుస్తున్నాడు. అరుస్తుంటే చిరాకేస్తోంది. మనసు ఇంత అడ్డదిడ్డంగా ఉంటే మనిషి దేనికని సంతోషించాలి?

ఆయన సింకులోంచి ఒక గ్లాసు తీశాడు. తడి లేబుల్‌ని బొటనవేలితో గట్టిగా రుద్దాడు. ఇంకోసారి రుద్దాడు. వేలు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"చూడు. మరకుందా?"

"లేదు. ఇన్నాళ్ళకి మీ వేలు శుభ్రంగా ఉంది."

"అక్షరం కదిలిందా?"

"కదల్లేదు మహానుభావా. ఇక గ్లాసులు తీస్తారా?"

"అప్పుడేనా! నాననీ. నేను బజారుకెళ్ళి ఇంకో స్ప్రే డబ్బా పట్టుకొస్తా. వచ్చేదాకా చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

తలుపు ధడాలున మూసుకుంది. ఆమె కుర్చీలో కూలబడి కణతలు నొక్కుకుంది. చాలాసేపటికి లేచి, ఏమైతే అయిందని చీర చెంగు దోపుకుని సింకులో చెయ్యి పెట్టింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రెండో చేత్తో తీసింది. షాపమ్మాయి.

"ఆంటీ, మంచి మాట చెప్తా వినండి. మీ కొవ్వొత్తుల వాసన అందరికీ తెగ నచ్చేసింది. ఇకనుంచి మా షాపు పేరుతోనే అమ్ముదామనుకుంటున్నాం. ప్రతి నెలా మీ దగ్గరే తీసుకుంటాం."

"సంతోషం అమ్మా."

"లేబుళ్ళు మేమే కొట్టిస్తాం. మీకా బాధ వదిలిపోతుంది. రేపిచ్చే వాటికి అంటించేశారా?"

"అంటించేశాం."

"అయితే పీకేసి ఇచ్చేయండి."

సరేనమ్మా అంటే చాలు. సాయంత్రానికి సింకు తనదైపోతుంది, వాసన పోతుంది, తలనొప్పి పోతుంది. పొద్దుట్నుంచీ ఆమె కోరుకున్నది ఇంతకంటే ఏమీ లేదు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. అంతలో, రేపు పొద్దున్న ఆయన ఈ వంటింట్లోకి వచ్చి, కూర బాగుందని చెప్పడం వినిపించింది.

"అవి పీకితే రావమ్మా."

"నీళ్ళల్లో నానబెట్టి చూడండి ఆంటీ."

"నానబెట్టే చెప్తున్నాను. పొద్దుట్నుంచీ నీళ్ళల్లోనే ఉన్నాయి."

"అయినా ఊడట్లేదా?"

"ఉడుంపట్టు."

"అబ్బా, అంత గట్టిగా ఎవరైనా అంటిస్తారా?"

"మా ఆయన అంటించారు." ఆ గొంతులో గొప్పలు పోవడం ఆమెకే వినబడింది. "లేబుల్ వద్దంటే కొవ్వొత్తి కూడా ఇవ్వలేనమ్మా. నీ ఇష్టం."

ఆమె ఫోను చెవికి ఇంకాస్త అదుముకుంది.

"మేం నమూనాకి కొట్టించినవి వేలు తగిలితేనే లేచిపోతున్నాయి ఆంటీ," అంది చివరికి షాపమ్మాయి, కాస్త గొణుగుతూ. "సరే, మీవే ఉంచండి. ఆ కింద మా షాపు పేరు కూడా చిన్నగా వేస్తారేమో అంకుల్‌ని అడగండి."

"అడుగుతాను. అరుస్తారు. వేస్తారు."

ఫోను పెట్టేసి, చెప్పులు అతికించే జిగురు ట్యూబు కోసం సొరుగు లాగి, ఆయన వచ్చేలోగా, సింకు నిండా తేలుతున్న లేబుళ్ళను ఒక్క అక్షరమూ చెదరకుండా ఒక్కొక్కటే ఏరి, తుడిచిన గ్లాసులకి మళ్ళీ అంటించడం మొదలుపెట్టింది.