డ్రైవరు గుండె

డిపో మేనేజరు చిన్న మందు ట్యూబును బల్ల మీద పెట్టి, బస్సు తాళంచెవిని తన వైపుకు లాక్కుంది.

"ఇది నీదేనా?"

డ్రైవరు ట్యూబు వైపు చూశాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు వైపు చూశాడు. కండక్టరు అతని భార్యకు స్వయానా తమ్ముడు. బావ చూపు తప్పించుకుని టిక్కెట్ల సంచి పట్టీ సర్దుకున్నాడు.

"నాది కాదు మేడమ్."

"నీ సీటు కింద దొరికిందట."

"బస్సన్నాక నానా జనం ఎక్కుతారు, దిగుతారు..."

"డ్రైవరు సీటు కిందకి ఎవరెక్కుతారు బావా?" అన్నాడు కండక్టరు.

"నువ్వు నోరు మూసుకోరా."

"మూసుకుంటే రేపు మా అక్క నన్ను బతకనివ్వదు. మేడమ్, మందుల షాపులో చూపించాను. డిల్టియాజెమ్ అట. గుండె జబ్బుకీ బీపీకీ ఇచ్చే మందట. కాల్షియం చానల్ బ్లాకరో ఏదో అన్నాడు. ఆ మాట వినగానే తిన్నగా మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాను."

కిటికీ అవతల బస్సు నిండిపోయి ఉంది. ఒక ముసలాయన తల బయటపెట్టి ఆఫీసు వైపే చూస్తున్నాడు. కొండ మీదికి పోయే బస్సది. దారికి ఒక పక్క బండరాయి, ఇంకో పక్క లోయ. షెడ్డు ముందు స్పేర్ డ్రైవరు పిలుపు కోసం చెవులు రిక్కించి, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

"నిజం చెప్పవయ్యా," అంది మేనేజరు. "గుండె జబ్బయితే స్టీరింగ్ ఇవ్వను. గేటు దగ్గర కాపలా పని ఇస్తాను. దాచావని తేలితే అదీ ఉండదు."

డ్రైవరు ట్యూబును వేలితో పక్కకు నెట్టాడు. "అది మా అత్తగారిది మేడమ్. తెమ్మంటే కొన్నాను. జేబులోంచి జారిపోయినట్టుంది."

"మా అమ్మదా?" కండక్టరు సంచి కింద పెట్టేశాడు. "మా అమ్మకి గుండె జబ్బా? కన్నకొడుకుని నాకు చెప్పకుండా నీకు చెప్పిందా? నిన్ననేగా పక్కింటావిడతో గోడలదిరేలా పోట్లాడింది!"

"మీ అమ్మది కాదులేరా," అన్నాడు డ్రైవరు నీరసంగా.

"అయితే నీదే."

డ్రైవరు తల వంచుకున్నాడు. అదే ఒప్పుకోలు అయిపోయింది.

మేనేజరు గొంతు తగ్గింది. "మా నాన్నగారు ఈ పేరు మాత్రలే వేసుకునేవారు. బిగుసుకున్న రక్తనాళాల్ని వదులు చేస్తాయని డాక్టరు చెప్పాడు. ఒకరోజు అన్నానికి కూర్చుని, కలిపిన ముద్ద నోటికందకుండానే ఒరిగిపోయారు. ఆయన ముందు కంచం ఉంది. నీ వెనక బస్సెడు జనం ఉంటారు."

"నా గుండె రాయిలా ఉంది మేడమ్. కావాలంటే డిపో చుట్టూ పరుగెత్తి చూపిస్తాను."

"ఈ మందు డాక్టరు రాసిచ్చాడా, లేదా?"

"రాసిచ్చాడు."

"గుండె బాగుంటే ఎందుకు రాస్తాడు?"

అతను నోరు తెరిచాడు. ఎదురుగా మేడమ్, వెనక బావమరిది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి బావా? ఎక్కడ పట్టేస్తోంది? ఎడమ పక్కా, నడిమధ్యా?"

"ఎక్కడా లేదురా."

"పొద్దున బస్సెక్కి పళ్ళు బిగబట్టావు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను గుడ్డివాణ్ణనుకున్నావా?"

మేనేజరు కిటికీలోంచి చెయ్యి ఊపింది. స్పేర్ డ్రైవరు పరుగున వచ్చాడు. ఆమె తాళంచెవి అందించింది.

"మేడమ్, ఆ బండి క్లచ్ వాడికి తెలీదు. దిగుడు మలుపుల్లో మొండికేస్తుంది..."

"దాని మొండితనం నీకు తెలుసు. నీ గుండె మొండితనం ఎవరికి తెలుసు?"

తాళంచెవి చేతులు మారింది. డ్రైవరు ముఖం పాలిపోయింది. నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. ఒక చెయ్యి బల్ల అంచును పట్టుకుంది.

"మేడమ్, వచ్చేసింది!" అని అరిచి కండక్టరు ఒక్క గంతులో బావ మీద పడ్డాడు. రెండు భుజాలూ పట్టి చెక్క కుర్చీలో కూలదోశాడు.

"అమ్మా!" అని డ్రైవరు పెట్టిన కేక బస్సు దాకా వినిపించింది. ముసలాయన తల లోపలికి లాక్కున్నాడు.

"ఫోన్ చేయండి మేడమ్! అంబులెన్సు!" కండక్టరు ఏడుస్తూనే బావ చొక్కా గుండీలు తెంపాడు, ట్యూబు మూత పీకాడు, సగం మందు ఛాతీ మీద పిండి రెండు చేతులతో రుద్దడం మొదలుపెట్టాడు. "ఊపిరి తీసుకో బావా! మా అక్క మొహం చూసైనా తీసుకో!"

మేనేజరు ఫోను అందుకుని నంబరు నొక్కసాగింది.

"ఆపండి!" డ్రైవరు అతని చేతులు విదిలించి లేచాడు. "ఒరేయ్ తింగరోడా, అది రాసేది ఛాతీకి కాదురా!"

స్పేర్ డ్రైవరు తాళంచెవితో గడప మీదే ఆగిపోయాడు.

"మరి ఎక్కడికి?" అంది మేనేజరు.

డ్రైవరు మిగిలిన గుండీలు పెట్టుకున్నాడు. బస్సును చూశాడు. పరాయి చేతిలో ఉన్న తాళంచెవిని చూశాడు. గోడ వైపు తిరిగాడు.

"మందు గుణం మీరు చెప్పిందే మేడమ్. రక్తనాళాలు వదులైతే చీలిక మానుతుందట," అన్నాడు. "కాకపోతే, ఇరవయ్యేళ్ళుగా దేని మీద కూర్చుని బస్సు నడుపుతున్నానో, రాసుకునేది దానికి."