పేరు పెట్టని పిలుపు

“అది మనిషి కాదు పెద్దనాయనా. ఏదో మిషన్ ఊరికే తలుపు తడతా ఉండాది. అడ్డం కట్టేస్తాను,” అంది షణ్ముగప్రియ, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

రత్నసభాపతి కాఫీ లోటా ఆమె పక్కన పెట్టాడు. “ఉండు కణ్ణూ. ఏమని అడగతా ఉండాదో చూపించు.”

సూలూరు పక్కన వాళ్ల వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, రత్నసభాపతిది తప్ప చదవగలిగే ఇల్లూ లేదు. చదువులన్నీ తమిళంలోనో ఇంగ్లీషులోనో. కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన వీధిలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేశాడు, చివర తనవీ చేర్చాడు. కొందరు ఇప్పుడు లేరు, గొంతులున్నాయి. తమ్ముడి కూతురు షణ్ముగప్రియ వాటికొక సైటు కట్టింది. వినాలనుకునేవాళ్లు పంపిన రిక్వెస్ట్‌లో ఎవరి పేరుంటే వాళ్ల గొంతుకు దారి. ఫోన్ తమిళంలో ఉంటే తమిళ పేజీ, ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషు పేజీ. పెద్దనాయన ముచ్చట తీర్చడానికి తెలుగు పేజీ కూడా పెట్టింది.

“ఇదో, చూడండి. రోజూ తెల్లారతానే వస్తాది. పేరుండే చోట ‘మా ఇంటాయన’ అని ఉండాది. అట్లాంటి పేరు మన దగ్గర లేదు కదా, సైటు ‘దొరకలేదు’ అని పంపించేస్తాది. మర్నాడు మళ్లా అదే.”

రత్నసభాపతి నవ్వాడు. “పిచ్చిదానా, మిషన్ ఎక్కడన్నా మొగుణ్ణి తలుచుకుంటాదా? ఎవరో పెద్దామె. పోయినాయన గొంతు వినాలని వస్తా ఉండాది. పేరు పలకదు, అంతే.”

“ఏంటికి పలకదు? నేను మా ఆయన్ని ‘డేయ్ హరిహరన్’ అనే పిలుస్తాను.”

“నీ కాలం వేరు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గతాదని మీ పెద్దమ్మకు భయం. రేషన్ అంగట్లో నా పేరడిగితే నన్నే ముందుకు తోసేది. ‘శివుడి పేరే కదే, పలుకు’ అంటే, ‘శివుడికి తగ్గదు, మీకు తగ్గతాది’ అనేది.”

భార్య చెల్లమ్మాళ్ పోయి ఏడాది దాటింది. ఆమె మాట ఇలా నవ్వుతూ చెప్పగలిగినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది.

“పోయినాయనకు ఇంకేం ఆయుష్షు పెద్దనాయనా, తగ్గేదానికి?”

“అదీ నిజమే,” అన్నాడాయన. “ఆ ఫోన్ ఏ భాషలో ఉండాదో తెలస్తాదా?”

ఆమె వెతికింది. “తెలుగు.”

“అయితే ఎదురింటి వీరమ్మక్కే. మనవరాలు హైదరాబాదు నుంచి తెచ్చిన ఫోన్ కదా అది, నోటితో చెబితే అదే రాస్తాది, చదివీ వినిపిస్తాది. ఐయో పాపం! అడ్డం కట్టొద్దు కణ్ణూ. వాకిట్లో నిలబడిన ఆడమనిషిని ఊరికే పంపకూడదు. ‘దొరకలేదు’ తీసేసి తెలుగులో మంచిగా రాయి: ‘అమ్మా, భయపడొద్దు. పేరు చెప్పండి, ఆయన దగ్గరికి దారి చూపిస్తాం.’”

ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే ఆమె తడుముకుంటూ కొట్టింది.

మర్నాడు తెల్లవారి వీరమ్మాళ్ వాకిట్లో ముగ్గు వేస్తుంటే రత్నసభాపతి దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

“అక్కా, మీ ఇంటాయన దొరై మామ గొంతు వినాలంటే నన్నడగొచ్చు కదా.”

“నేనేంటికి వింటాను తంబీ? బతికినన్నాళ్లూ ఆ అరుపులు విన్నది చాలదా?” వీరమ్మాళ్ పకపకా నవ్వింది. “ఆ ఫోన్లో నాకు పచ్చ బొత్తాం తప్ప ఏమీ తెలవదు.”

“మరి తెలుగులో రాసినారే.”

“ఈ వీధిలో తెలుగు రాసే ఆడది ఒక్కతే కదా. పలక పెట్టి నేర్పించింది నువ్వే. మరిచిపోయినావా?”

ఆయన ఇంటికొచ్చాడు. బీరువా తెరిచాడు. మడత చీరల మధ్య చెల్లమ్మాళ్ ఫోన్ పెట్టిన చోటే ఉంది, నల్లగా, చల్లగా. సిమ్ ఎప్పుడో తీసేశాడు. బొత్తాం నొక్కాడు. వెలగలేదు. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నాక ఎందుకో కళ్లు తడిశాయి.

ముందు గదిలోంచి షణ్ముగప్రియ చప్పట్లు కొట్టింది.

“పెద్దనాయనా, మీ మాట పని చేసింది! ఆమె ఈ పొద్దు పేరు చెప్పేసింది. దారి తెరుచుకునింది!”

రత్నసభాపతి బీరువా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. “ఎవరి పేరు తల్లీ?”

“మీ పేరే.”