పారేసిన పదకొండు

"ఆగమ్మాయ్, ఆ తెల్లరంగు పూసెయ్యకు!"

గుమ్మంలో గుడెగ్ అవ్వ. వీపున వెదురు గంప, గంపలో ఆమె అమ్మే పనసకాయ కూర, గుడెగ్ కుండ.

వెనింగ్ కుంచె ఆపింది. బాగా రాని బొమ్మ మీద తెల్లరంగు పూసి, అదే గుడ్డ మీద మరోటి వేయడం ఆమె అలవాటు. జావా దీవిలోని జోగ్జాలో పేరు రాని చిత్రకారులందరి అలవాటూ అదే. కొత్త గుడ్డ కొనాలంటే మాటలా?

"ఇది నీకెందుకు అవ్వా?"

"మా ఇల్లు కురుస్తోంది, అడ్డం పెట్టుకుంటా. ఊరికే వద్దులే, ఇదిగో, బదులుగా కొత్త గుడ్డ."

లాభం కనబడితే మనిషికి ప్రశ్నలు తోచవు. వెనింగ్ ఇచ్చేసింది.

ఆ బొమ్మలో ఏముంది గనక! పొగమంచులో ఒక తాడు, తాడు మీద ఆరీ ఆరని బట్టలు. తెల్లవారుజామున కళ్ళు నులుముకుంటూ, ఏం వేస్తోందో తెలియకుండా వేసింది. అలాంటివాటిని నిద్రమొహం బొమ్మలనేది. మెలకువ వచ్చాక అసలైనవి వేసేది: నాట్యకత్తెలు, అగ్నిపర్వతం, ఎడ్లబండ్లు.

అవ్వ మాత్రం నిద్రమొహాలనే ఏరుకునేది. మూడేళ్ళలో పదకొండు.

ఒకరోజు గ్యాలరీ యజమాని హర్టోనో వచ్చాడు. బొమ్మలు నచ్చితే వానలయ్యాక తొలి ప్రదర్శన. నచ్చకపోతే వెనింగ్ కుంచెలు కట్టిపెట్టి, సురబాయాలో అన్నయ్య బట్టల కొట్లో కూర్చోవాలి.

ఆమె అసలైనవనుకున్న పన్నెండు బొమ్మలూ చూసి ఆయన పెదవి విరిచాడు.

"చేయి తిరిగిందమ్మా. కానీ పన్నెండూ పన్నెండుగురు వేసినట్టున్నాయి. వీటిలో నువ్వెక్కడ? రెండు నెలలు చూస్తాను."

ఆయన వెళ్ళాడో లేదో అవ్వ వచ్చింది.

"తెల్లారి వేసినవేమైనా ఉన్నాయా అమ్మాయ్?"

వెనింగ్‌కు ఒళ్ళు మండింది. "నీ ఇంటి చిల్లులు పూడ్చడానికా నేను పుట్టింది? ఇంకోసారి ఈ గడప తొక్కకు!"

అవ్వ తెచ్చిన గుడ్డ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నెల దాటాక ఎవరో తలుపు తట్టారు.

"గుడెగ్ అవ్వ కూతుర్నండీ. అమ్మ పోయి ఎల్లుండికి నలభై రోజులు. భోజనానికి రండి. మీ బొమ్మలున్నాయి, తీసుకెళ్దురు."

ఆ రోజుకు వెనింగ్ అవ్వ ఇంటికి వెళ్ళింది.

ఆ ఇల్లు నిజంగానే కురుస్తోంది. నేలంతా గిన్నెలు. అవ్వ మంచం కూడా చినుకుల కిందే ఉంది. తడవని గోడ ఒక్కటే.

ఆ గోడ మీద పదకొండు బొమ్మలు. మంచులో తాడు, దాని పక్కన బూడిద రాలే వాకిలి, వాకిలి దాటితే మనుషుల్లేని రేవు... ఒకే తెల్లవారుజాము ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి వెళ్తోంది. వెనింగ్ కూడా దాని వెంటే నడిచింది. చివరికి చేరేసరికి ఏడుస్తోంది. ఇది నేనే, అనుకుంది. సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది.

"ఒకటి తెచ్చినప్పుడల్లా అన్నీ దించి, మళ్ళీ వరస కూర్చేది," అంది కూతురు. "బొమ్మలు తీసి మంచం ఇటు జరుపుకోవే అమ్మా అంటే, వాటికి చెమ్మ తగుల్తుందనేది."

మర్నాడు వెనింగ్ హర్టోనోను అక్కడికి తీసుకొచ్చింది. ఆయన ఆ గోడ వెంట ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాడు.

"వీటిని ఇలా ఏరి కూర్చిన కన్ను ఎవరిదమ్మా? పేరు చెప్పు, రాయించాలి."

మూడేళ్ళు వచ్చిపోయిన మనిషి పేరు వెనింగ్‌కు తెలియదు. కూతురి వైపు తిరిగింది.

ప్రదర్శన మొదటి రోజున గ్యాలరీ గుమ్మంలో, చిత్రకారిణి పేరు కింద ఇంకో వరస ఉంది: "ఈ బొమ్మలను ఏరి, కూర్చినవారు: సుమీనా, వీధుల్లో గుడెగ్ అమ్మేవారు."