గేటు దగ్గర అడకత్తెర

తాలూకా కోర్టుకు ప్రైవేటు కాపలా వచ్చింది. ఇక భయం లేదు. కెంచార్లహళ్ళి నుంచి సాక్ష్యానికొచ్చిన జయలక్ష్మమ్మ సంచిలో గార్డు బయ్యప్ప బాంబును వెతికినట్టు వెతికి, వక్కలు కత్తిరించే అడకత్తెరను పట్టేశాడు.

"ఇది ఆయుధమమ్మా. పోయేటప్పుడు తీసుకుపో."

"సాక్ష్యం చెప్తే నరుకుతానని ముద్దాయి అన్నాడప్పా. భయమైతాండాది."

"మేము కాస్తాండాము కదమ్మా! చీమనైనా చెక్ చెయ్యకుండా వదిలేది లేదు."

అంతలో కారొచ్చింది. బయ్యప్ప పరుగెత్తి తలుపు తీసి, సెల్యూట్ కొట్టి, దిగినాయన్ను తనిఖీ లేకుండానే లోపలికి పంపాడు. ఆమెను బెదిరించిన ముద్దాయి ఆయనే.

"ఆయప్పను చెక్ చెయ్యవేమప్పా?"

"మా ఓనరమ్మా! ఈ సెక్యూరిటీ ఏజెన్సీ ఆయప్పదే."

జయలక్ష్మమ్మ చెయ్యి చాచింది.

"అట్లయితే నా అడకత్తెర ఇట్లియ్యప్పా."